దూది తగిలినా మంటే

నరం దెబ్బతిన్న నొప్పిని పట్టుకోవడానికి మా ఓపీలో నేను వాడేది చిన్న దూది ముక్క. దాన్ని పాదం మీద మెల్లగా రాస్తాను. షుగరున్న మనిషి ఉలిక్కిపడి కాలు లాక్కుంటే సగం సంగతి తెలిసినట్టే. సర్పి పొక్కులు మాని నెలలైనా నడుం చుట్టూ చీర ఆననివ్వని వాళ్లూ అంతే. మిగతా సగం వాళ్ల మాటల్లో దొరుకుతుంది. "మిరపకాయలు కోసిన చెయ్యిలా మండుతుంది డాక్టరు గారూ" అంటారు గురజాల వైపు ఆడవాళ్లు.

మిరప ఘాటు చర్మంలోని నరాల కొసల్లో ఏ రిసెప్టర్‌ని తాకుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. 2021లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. కానీ కోతల మంట రేపో మాపో పోతుంది. దెబ్బతిన్న నరం మంట అలా పోదు.

కారణం వెన్నుపాములో ఉంది. నరం మోసుకొచ్చిన నొప్పి అక్కడి కణానికి గ్లుటమేట్ రూపంలో అందుతుంది. దాన్ని అందుకునే వాటిలో ఆంపా రిసెప్టర్లు చటుక్కున తెరుచుకుని మూసుకుంటాయి. ఎన్‌ఎండీఏ రకం అలా కాదు. మామూలప్పుడు దాని దారికి మెగ్నీషియం అడ్డంగా ఉంటుంది. ఈ సంగతి 1984లో బయటపడింది. దెబ్బతిన్న నరం తెరిపి లేకుండా సంకేతాలు పంపుతుంటే మెగ్నీషియం తొలగి, కాల్షియం లోపలికి వస్తుంది. ఇక ఆ కణానికి దూదీ నొప్పే. గాయం తర్వాత వెన్నుపామే ఇలా మారిపోతుందని క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లో ఎలుకల్లో చూపించాడు. స్కానింగులో ఇదేమీ కనపడదు. "నీకేం లేదు, పో" అనే మాట పుట్టేది అక్కడే. ఆ మాట వినీ వినీ వచ్చేవాళ్లే నా దగ్గర ఎక్కువ.

నేను మత్తు డాక్టర్ని. ఎన్‌ఎండీఏని మూసే కెటమైన్ ఆపరేషన్ థియేటర్లో నా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. మరి అందరికీ అదే ఇచ్చేయొచ్చుగా? గ్లుటమేట్‌కి మెదడంతా పనే, జ్ఞాపకానికీ చదువుకీ కూడా. అందుకే కెటమైన్ ఇస్తే కొందరు లేనివి చూస్తారు. ఇంటికి రాసిచ్చే మందు కాదది. ఇంటికి నేను రాసేది ప్రీగాబలిన్. అది గ్లుటమేట్ విడుదలనే కొంత తగ్గిస్తుంది. మందుల షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్ళలు వాపుకి పనికొస్తాయి గానీ ఈ మంటని పెద్దగా తగ్గించవు. పైగా షుగరు రోగి కిడ్నీలకి ముప్పు.

ప్రీగాబలిన్‌తోనూ తూలుడు, నిద్రమత్తు ఉంటాయి. రాత్రి పూట 75 మిల్లీగ్రాములతో మొదలుపెడతాను. మిర్చి కోతలు నడుస్తుంటే మోతాదు పెంచడానికి తొందరపడను. కోతకెళ్లే ఆడవాళ్లు తెల్లారకుండానే ఆటో ఎక్కాలి.