కాయలో పువ్వు జాడ

కూరలు తరిగేటప్పుడు నాకొక అలవాటుంది. చేతిలో ఉన్న భాగం పువ్వులో ఉన్నప్పుడు ఏమై ఉంటుందా అని ఆలోచిస్తాను. రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండకోశం అని బైపీసీ పిల్లలంతా వల్లె వేస్తారు. పరీక్ష అయిపోగానే ఆ పేర్లు పుస్తకాలతో పాటు అటకెక్కుతాయి. నిజానికి అవి రోజూ పనికొచ్చేది వంటింట్లోనే.

వంకాయ ముచ్చికనే తీసుకోండి. అది రక్షకపత్రాల వలయం. మొగ్గను కాపాడిన ఆ పత్రాలు పూరేకులతో పాటు రాలిపోకుండా కాయతో కలిసి పెరుగుతాయి. దానిమ్మ కిరీటం కూడా అదే. మరి వంకాయకు తొడిమ దగ్గరున్నది దానిమ్మకు అవతలి కొసకు ఎందుకు చేరింది? వంగపువ్వులో కాయగా మారే అండాశయం మిగతా భాగాలకన్నా పైన ఉంటుంది కనుక కాయ ముచ్చికలోంచి బయటికి పెరుగుతుంది. దానిమ్మపువ్వులో అండాశయం వాటి కింద ఉంటుంది కనుక కాయ ఊరేకొద్దీ రక్షకపత్రాలు దాని నెత్తిన మిగిలిపోతాయి. మొదటిది ఊర్ధ్వ అండాశయం, రెండోది నిమ్న అండాశయం. జామకాయను తిప్పి చూస్తే అదీ దానిమ్మ పద్ధతేనని తెలుస్తుంది.

అండాశయం గోడే ఫలకవచం అవుతుంది. మామిడిలో అది మూడు పొరలు: తొక్క, గుజ్జు, టెంక. అసలు విత్తనం టెంకలోని జీడి. కొబ్బరికాయలోనూ ఆ మూడు పొరలే: పైతోలు, పీచు, చిప్ప. మామిడిలో మనం చప్పరించే మధ్యపొరను కొబ్బరిలో తాడుగా పేనుతాం. కొబ్బరిలో తినేది విత్తనం లోపలి అంకురచ్ఛదం, అంటే మొలక కోసం చెట్టు దాచిన ఆహారం. కొబ్బరి నీళ్లు కూడా అదే, ఇంకా గట్టిపడని దశలో. దానిమ్మ గింజల్లోనైతే రసమంతా విత్తనపు పైపొరలోనే ఉంటుంది.

సీతాఫలం, పనస పైకి ఒకే తీరుగా గరుకుగా కనిపిస్తాయి. పుట్టుక మాత్రం వేరు. సీతాఫలం ఒక్క పువ్వు అండకోశంలోని అనేక ఫలదళాలు ఒకటై ఏర్పడిన పండు. పనసకాయ ఒక పూలగుత్తి మొత్తం కలిసి ఏర్పడింది. మనం తినే ఒక్కో తొన ఒక్కో పువ్వు తాలూకు పరిపత్రం, అంటే రక్షక, ఆకర్షణ పత్రాలుగా విడివడని పూతొడుగు.

ఇలా విప్పి చూసే పద్ధతికి మన నేల మీద మంచి చరిత్ర ఉంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ కోస్తా మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. కొమ్మ బొమ్మ పక్కన విప్పిన పువ్వు, కోసిన కాయ, గింజ విడివిడిగా కనిపిస్తాయి. మొక్కల చుట్టరికం తేల్చడానికి ఆకుల పోలిక ఒక్కటే చాలదు, పువ్వునూ కాయనూ విప్పి చూడాల్సిందే.

అందుకే బడిలో బొమ్మ గీయించి బాణం గుర్తులు పెట్టించే ముందు పిల్లల చేతికి ఒక వంకాయ, ఒక దానిమ్మ ఇవ్వాలని నా కోరిక. ముచ్చిక ఒకదానికి ఇటు, ఇంకోదానికి అటు ఎందుకుందని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టాక నిమ్న అండాశయం అన్న మాట చెబితే దాన్ని వల్లె వేయాల్సిన అవసరమే ఉండదు.