మూసీ ఒడ్డున గృహస్థకవి

ఒక పురుషుడు దీర్ఘకాలము జీవించి గతించినప్పుడు మన దేశమున ఆయనను గూర్చి వ్రాయు వ్రాతలన్నియు ఒక్క మూసలో పోసినట్లుండును. పొందిన బిరుదములు, చేసిన ఉద్యోగములు, దర్శించిన క్షేత్రములు వరుసగా వచ్చును. భార్యయున్నచో "అనుకూలవతి" యను నొక్క విశేషణముతో ఆమె ప్రసంగము ముగియును. బిడ్డలు సంఖ్యగా మాత్రము మిగులుదురు. ఆయన యెట్టి భర్త, యెట్టి తండ్రి యను ప్రశ్న నడుగుటయే మర్యాద గాదని మనవారి తలంపు. కవుల విషయమున ఈ లోపము మరింత హానికరము. ఏలయన, కవి పలుకులలో సగపాలు ఇంటిలో పుట్టినవే. ఆ యిల్లు తెలియనిచో ఆ పలుకులు మనకు సరిగా వినబడవు.

హైదరాబాదు ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీగారి కిట్టి లోపమే సంభవించినదని మా యభిప్రాయము. ఆయన అసలు పేరు సయ్యద్ అహమ్మద్ హుస్సేన్. శైశవముననే తండ్రిని గోల్పోయి తల్లి పెంపకమున పెరిగి, పాతబస్తీలోని జామియా నిజామియాలో చదివి, కొంతకాలము ఉపాధ్యాయవృత్తియందును పిదప ప్రభుత్వపు లెక్కల దఫ్తరునందును పనిచేసి, 1961లో లోకాంతరగతులైరి. "హకీముష్షుఅరా", అనగా కవులలో జ్ఞాని, అని లోకులాయనను పిలిచిరి. ఆంధ్రపాఠకుల కాయనను పరిచయము చేసినవారు సామల సదాశివగారు. వారి "అమ్జద్ రుబాయీలు" అను అనువాదమువలన ఉర్దూ లిపి నెరుగని గృహములలోనికి గూడ ఆ కవి ప్రవేశించెను. ఈ ఉపకారమునకు మనమందరమును ఋణపడి యున్నాము.

అయితే ఆ ప్రవేశము ఏ వేషమున జరిగెను? జ్ఞాని వేషమున, విరాగి వేషమున. వేమన ప్రక్క పీఠమువైచి ఆయనను కూర్చుండబెట్టితిమి. లోకమును విడిచి యెత్తుననుండి బోధించు మహనీయుడని కొనియాడి, నాలుగు పాదములు కంఠస్థముచేసి, సభలలో చదివి ఊరకుంటిమి. ఆయన జ్ఞాని కాడని మేమనము. ఆ జ్ఞానము ఏ ధరకు కొన్నదో విచారింపక మెచ్చుట మెచ్చుకోలు కాదని మాత్రమే యనుచున్నాము.

రుబాయీ యనగా నాలుగు పాదముల పద్యము. మొదటి రెండు పాదములకును నాల్గవదానికిని అంత్యప్రాస యుండును. మూడవ పాదము సాధారణముగా ఆ కట్టునకు లోబడదు. అందుననే భావము మలుపు తిరిగి నాల్గవ పాదమున దిగును. ఈ పేరు వినగానే మనవారికి ఖయ్యాము జ్ఞప్తికి వచ్చును. 1859లో ఫిట్జ్‌జెరాల్డు ఆంగ్లమున ప్రకటించిన నాటినుండి ఆ పారసీకుని కీర్తి లోకమెల్ల వ్యాపించెను. ఆదిభట్ల నారాయణదాసుగారు 1932లో తెలుగున వెలయించిరి. దువ్వూరి రామిరెడ్డిగారి "పానశాల" ప్రసిద్ధమే. కనుక రుబాయీ యనిన పానపాత్రయు క్షణికసుఖమును అని మనకొక యలవాటు పడినది. అమ్జద్‌గారి రుబాయీలో ఆ పానపాత్ర కానరాకపోవుటతో, ఇక మిగిలినది నీతియే యని తొందరపడితిమి. మధువు లేని చోట నెల్ల నీతియే యుండుననుట వింత తర్కము.

మధువును గాదు, నీతియు గాదు. అక్కడ నున్నది నీరు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగెను. పాతబస్తీ వృద్ధులు దానిని "తుగ్యానీ" యని వ్యవహరించెడివారు. ఎడతెగని కుంభవృష్టిచే ఎగువనున్న చెరువులు రెండువందలకు పైగా తెగి, ఆ నీరెల్ల నొక్కటై నగరముమీద పడెను. 1578లో కట్టిన పురానాపూల్ తప్ప నదిమీది వంతెనలు కొట్టుకొనిపోయెను. మరణించినవారు పదునైదువేల మంది యని సాధారణముగా చెప్పు లెక్క. ఆ వరదలో అమ్జద్‌గారి తల్లియు, భార్యయు, కూతురును పోయిరి. ఆ యింట మిగిలినవారు ఆయన యొక్కరే. అప్పటి కాయన యువకులు.

ఈ విపత్తును గూర్చి ఆయన వ్రాసిన కావ్యము పేరు "ఖియామతె సుగ్రా". చిన్న ప్రళయమని యర్థము. ప్రళయమునకు "చిన్న" యను విశేషణము చేర్చుటలోనే మాకొక మనస్సు కనబడుచున్నది. పెద్ద ప్రళయము లోకమంతటిది, దేవునిది. ఇది ఒక నగరమునది, తనది. దుఃఖమున మునిగియు దాని కొలతను పెంచి చెప్పని నిజాయితీ అందున్నది.

ఆ కావ్యమున మమ్ము నిలువరించినది ప్రవాహవర్ణనము కాదు. వరదలను వర్ణింపగల కవులు మనకు కొరత లేరు. అందు మమ్ము పట్టుకొన్నది ఒక యింటివారు చెదరిపోయిన తీరు. తల్లి యొకచోట, తానొకచోట, భార్య యొకచోట, బిడ్డ వేరొకచోట. ఒక్క కప్పుక్రింద నిద్రించినవారికి ఒక్కచోట మరణించు భాగ్యమైనను లేకపోయెను. భర్త యనువాడు భార్యచేయి పట్టుకొని యుండవలసిన గడియ అది. తండ్రి యనువాడు బిడ్డ నెత్తుకొని యుండవలసిన గడియ. కొడుకు తల్లిని మోయవలసిన గడియ. మూడు ధర్మములు ఒక్క క్షణమున మూడు దిక్కుల లాగగా, మనుష్యునకు రెండే చేతులు. ఈ విషయమును ఆ కావ్యము అలంకారములతో గాక, ఎవరెక్కడ అను స్థలనిర్దేశముతో మాత్రమే చెప్పినది. ఇంతకన్న ఘాటైన గృహస్థవాక్యమును మేము చదివి యెరుగము.

కాళిదాసుని అజవిలాపమును బాల్యమునుండి చదివినవారము గనుక దానితో పోల్చకుండ నుండలేము. రఘువంశము ఎనిమిదవ సర్గమున ఇందుమతి యుద్యానమున మరణించును. ఆమె దేహము భర్త యొడిలో నుండును. అజుడు తనివితీర విలపించును. కుమారుడైన దశరథుడు బాలుడగుటచే వానికొరకై ఎనిమిదేండ్లు ఎట్లో గడపి, పిదప దేహమును విడుచును. శోకమునకు దేహము, జీవించుటకు బిడ్డ, మరణించుటకు తీర్థము, అన్నియు మహాకవి సమకూర్చెను. అమ్జద్‌గారికి వానిలో నొక్కటియు దక్కలేదు. విలపించుటకు ఒడిలో దేహము లేదు. ఎవరికొరకు జీవింపవలెనో ఆ బిడ్డ లేదు. అయినను ఎనిమిదేండ్లు కాదు, ఏబదిరెండేండ్లకు పైగా జీవించిరి. కాళిదాసుని తక్కువచేయుట మా యుద్దేశము కాదు. రాజునకు కావ్యము తగిన మరణమును కల్పింపగలదు, దఫ్తరులో లెక్కలు వ్రాయు గృహస్థుడు మాత్రము మరుసటి నెల జీతమునకు సంతకము చేయవలెను.

ఆంగ్లమున వర్డ్స్‌వర్తు కూతురు కేథరీను 1812లో పసితనముననే మరణింపగా ఆయన వ్రాసిన యొక చిన్న పద్యము కలదు. ఏదో సంతోషము కలుగగా దానిని బిడ్డతో పంచుకొనుటకై ప్రక్కకు తిరిగి, ఆమె లేదని గుర్తెరిగి, ఒక నిమిషము మరచినందుకు తన్ను తాను నిందించుకొనును. పోయినవారిని మరువకుండుట ఒక కష్టము. మరచిన క్షణమునకు సిగ్గుపడుట దానికన్న పెద్ద కష్టము. దీర్ఘాయువు కలిగిన తండ్రికి ఇట్టి నిమిషములు ఎన్ని వచ్చునో!

ఇక నా దీర్ఘజీవితము. ఆయన అడవికి పోలేదు. ఇల్లు మరల కట్టుకొనిరి, వివాహమాడిరి, ఉద్యోగము చేసిరి, మక్కాయాత్ర చేసి దానిని "హజ్జె అమ్జద్" అను పేర గద్యమున వ్రాసిరి. తన జీవితమును గూర్చి "జమాలె అమ్జద్" వ్రాసిరి. పునర్వివాహమును కొందరు భక్తులు ఆయన జ్ఞానమునకు కొరతగా నెంచి దాటవేయుదురు. మేము దానిని దాటము. ఇల్లు కూలినవాడు ఇల్లు కట్టుటకు భయపడకుండుట వైరాగ్యముకన్న సులభమైన పని కాదు. ఇక్కడ నొక్క మాట. అదే రాత్రి అదే యొడ్డున, భర్తయు బిడ్డయు పోయి ఒంటరిగా మిగిలిన హిందూ యువతికి మరల ఇల్లు కట్టుకొను దారి మనవారు చూపియుందురా? 1856 నుండి ఆంగ్లరాజ్యమున చట్టమున్నది. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు వితంతువివాహము చేయించిరి. అయినను ఆ యువతి తలపై ముసుగువేసి మూల కూర్చుండబెట్టుటయే మనకు తెలిసిన కరుణ. పురుషుని పునర్వివాహమును లోపముగా దాచువారును, స్త్రీ పునర్వివాహమును పాపముగా నిషేధించువారును, మా దృష్టిలో ఒక్క కుటుంబమువారే.

ఇప్పుడు మరల రుబాయీలకు వత్తము. ఆయన రుబాయీలలో మిక్కిలి ప్రసిద్ధమైనదాని భావము, ఏది కావలసినను తోటి మనుష్యుని యెదుట చేయి చాపక, అన్నిటికిని కారణమైనవానినే యడుగుమనుట. సభలలో దీనిని ఆత్మగౌరవబోధగా చదివి చప్పట్లు కొట్టుదురు. బోధగా చూచినచో ఇది మంచి మాటయే. ఇట్టివి మన శతకములలో అనేకములు కలవు. కాని అడిగినదెవరో తలచుడు. ఆ రాత్రి తల్లికొరకు, భార్యకొరకు, బిడ్డకొరకు అదే వాకిట మొరపెట్టుకొని యుండడా? ఆ మొర ఫలింపలేదు. అట్టివాడు ఆ వాకిలి విడిచి పోక, అక్కడనే యడుగుమని యితరులకు చెప్పుచున్నాడు. అప్పుడది బోధ కాదు, తీరని వ్యవహారము. ఎదుటివానితో తగవు తీరకయే సంబంధము తెంచుకొనని మనుష్యుని మొండితనము అందున్నది. పాఠకుడు దానిని నమ్మవచ్చును, నమ్మకపోవచ్చును. తేలికగా మాత్రము తీసికొనజాలడు.

ఆయన రుబాయీలన్నియు ఈ యెత్తున నున్నవని మేము చెప్పము. కొన్నింట ఉపాధ్యాయుడు కవిని వెనుకకు నెట్టును. మేమును బెత్తము పట్టినవారమే గనుక ఆ కంఠము మాకు బాగుగా తెలియును. ఆ చోట్ల మూడవ పాదమున మలుపుండదు. మొదటి పాదముననే ఫలితము తెలిసిపోవును. కాని దాతృత్వమును గూర్చియు, సంపద నిలువమిని గూర్చియు చెప్పు మంచి రుబాయీలలో ఎక్కడనో ఒక యింటి గోడ, ఒక వాకిలి, ఒక ప్రవాహపు చప్పుడు లోలోపల నుండును. సంపద నిలువదని పుస్తకములలో చదివి చెప్పుట వేరు. కప్పుతో సహా కొట్టుకొనిపోగా చూచి చెప్పుట వేరు.

అనువాదములో ఈ భేదము జారిపోవుట సహజము. తెలుగు ఛందస్సున నాలుగు పాదములు కుదిరిన వెంటనే మన చెవికి శతకము వినబడును. అది అనువాదకుని దోషము కాదు, మన చెవి దోషము. రుబాయీల ప్రక్కన ఆ వరదకావ్యముంచి చదివినచో ఈ దోషము చాలవరకు తొలగును. మాకు చేతనైనచో ముందది, తరువాత నివి అను వరుసలో పిల్లలచే చదివింతుము.

తుగ్యానీ పిమ్మట నగరము మూసీని మరువలేదు. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి యోజన చేయించెను. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును కట్టి ముగించెను. నూటయేబదిమందిని కొమ్మలపై నిలిపి కాపాడినదని చెప్పు చింతచెట్టు అఫ్జల్‌గంజి యొద్ద ఉస్మానియా వైద్యశాల యావరణమున నున్నది. సెప్టెంబరు 28న కొందరు సహృదయులు ఆ చెట్టుక్రింద కూడి మృతులను స్మరించుచుందురు. వర్షపు అంగుళములును, తెగిన చెరువుల సంఖ్యయు, ఆనకట్టల చరిత్రయు అట్టిచోట వినదగినవే. వానికి తోడుగా ఒక యువకుడు తన తల్లి యెక్కడ, భార్య యెక్కడ, బిడ్డ యెక్కడ అని వెదకికొన్న ఆ నాలుగు పంక్తులను గూడ ఎవరైన ఉర్దూలో చదివి, వెంటనే తెలుగున తాత్పర్యము చెప్పిన బాగుండును. పదునైదువేల సంఖ్యలో ముగ్గురైనను మనుష్యులై కనబడుదురు.