తూకానికి అందని వెండి

కరీంనగర్ వెండి తీగ నగను చేతిలోకి తీసుకుని చూసినవాళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది: "గింత తేలికున్నదానికి గంత ధరనా?" అడిగినవాళ్లను తప్పుపట్టలేం. మన ఇళ్లలో వెండి అంటే తూకమే. పట్టగొలుసులు ఎన్ని తులాలు, కడియాలు ఎంత బరువు, మనవరాలికి పెట్టిన కంచం ఎంత తూగింది... పెళ్లి మాటల్లోనూ ఇదే లెక్క.

ఆ లెక్క ఊరికే పుట్టలేదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో వెండి చాలాకాలం పేదవాడి బ్యాంకు. రైతు ఇంట్లో దండకడియాలైనా, ఆదిలాబాద్ అడవుల్లో గోండు, లంబాడా స్త్రీల ఒంటిమీది కంటెలూ కడియాలైనా కాలం కలిసిరాని ఏడు అమ్మకానికో కుదువకో వెళ్లేవి. అక్కడ నగిషీని ఎవరూ చూడరు, తక్కెడే మాట్లాడుతుంది. కాబట్టి బరువుగా కొనడం తెలివైన పని. కానీ సగానికి సగం ఖాళీగా, తీగల మధ్య నుంచి వెలుగు కనిపించేలా అల్లిన నగను కూడా అదే తక్కెడలో వేస్తే, అల్లిన మనిషికి మిగిలేది చాలా తక్కువ. ఈ తీగ పనికి, అంటే కరీంనగర్ ఫిలిగ్రీకి, ఉన్న అసలు కష్టం ఇదే.

వెండి నిజంగానే అరుదైన లోహం. భూమి పైపొరలో పది కోట్ల పాళ్లకు ఏడెనిమిది పాళ్లే ఉంటుంది. మన దేశంలో అది ఎక్కువగా రాజస్థాన్‌లోని సీసం, జింక్ గనుల నుంచి ఉప ఉత్పత్తిగా వస్తుంది. తీగగా సాగే గుణంలో బంగారం తర్వాతి స్థానం దీనిదే. తీగ పని మొత్తం ఆ ఒక్క గుణం మీద నిలబడింది.

శుద్ధమైన వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మూసలో కరిగించి కడ్డీ పోసి, సుత్తితో సాగగొట్టి, కమ్మచ్చులోని రంధ్రాల గుండా లాగుతారు. ఒక్కో రంధ్రం దాటేకొద్దీ తీగ సన్నబడుతుంది, బిరుసెక్కుతుంది కూడా. అందుకే మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి, లేకుంటే తెగిపోతుంది. వెంట్రుకంత సన్నమయ్యాక రెండు తీగలను కలిపి పెనవేసి, ఆ పేటను అణగగొట్టి పట్టీ చేస్తారు. పెన వల్ల ఆ పట్టీ అంచున సన్నని పళ్లవరుస ఏర్పడుతుంది. వెలుతురు ఆ పళ్ల మీద పడి వేయి ముక్కలవుతుంది. రాయి పొదగకపోయినా ఫిలిగ్రీ నగ తళతళలాడటానికి కారణం అదే.

తర్వాత మందపాటి తీగతో ఆకో, పువ్వో, నెమలో చట్రంగా వంచుతారు. లోపలి ఖాళీని శ్రావణం పట్టుకుని చుట్టలతో, మెలికలతో నింపుతారు. అన్నిటికంటే కష్టమైన ఘట్టం అతుకు. వెండి, రాగి కలిపిన టంకం పొడిని వెలిగారంతో చల్లి మంట చూపిస్తారు. టంకం వెండికంటే ముందే కరిగి తీగల సందుల్లోకి పారాలి. చట్రం మందంగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా వేడెక్కుతుంది, లోపలి అల్లిక క్షణంలో వేడెక్కుతుంది. మంట రవ్వంత ఎక్కువసేపు నిలిస్తే పొద్దంతా చేసిన అల్లిక ముద్దయిపోతుంది. తక్కువైతే అతుకు పట్టదు. దీనికి కొలత పరికరం ఏదీ లేదు, లోహం రంగు మారడాన్ని కనిపెట్టే కన్నే ఆధారం.

షోకేసులో ఉండే నెమలికైతే అతుకు కాస్త బలహీనంగా ఉన్నా నడిచిపోతుంది. చెవికి పెట్టుకునే బుట్టకు అలా కుదరదు. అది జుట్టుకు చిక్కుకుంటుంది, చున్నీకి తగులుతుంది, చెమటలో నానుతుంది. కాబట్టి ఒంటిమీద నిలిచే తీగ నగ చేయడం బొమ్మ చేయడంకంటే గట్టి పరీక్ష.

ఈ విద్య పుట్టిల్లు కరీంనగర్‌కు పడమర, మానేరు ఒడ్డున ఉన్న ఎల్గందల్. కోట కింది ఆ ఊళ్లో కడార్ల రామయ్య అనే పనివాడు దీన్ని మొదలుపెట్టాడని స్థానికంగా చెప్పుకుంటారు. 1905లో ఎల్గందల్ జిల్లా కరీంనగర్ జిల్లా అయింది, తీగ పనికీ పట్టణమే కేంద్రమైంది. నిజాం కాలంలో అత్తర్‌దాన్‌లు, పాన్‌దాన్‌లు, పళ్లేలు, నగల పెట్టెలు ఇక్కడి నుంచి నవాబుల ఇళ్లకు వెళ్లేవి. ఆ ఇళ్ల వైభవం పోయాక వాటి చోటును జ్ఞాపికలు తీసుకున్నాయి. 2023 సెప్టెంబరులో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సు ప్రతినిధుల కోసం అశోక చక్రం బ్యాడ్జీలు చేసింది కరీంనగర్ చేతులే. అది గర్వపడాల్సిన విషయం. అయితే సదస్సు మూడొందల అరవై అయిదు రోజులూ జరగదు.

ఉమ్మడి ఆదిలాబాద్‌లోని ఉషెగావ్, కేస్లాగూడ లాంటి ఊళ్ల ఓజ కళాకారుల పనిని దీని పక్కన పెట్టి చూడాలి. వాళ్ల లోహం ఇత్తడి. మట్టి అచ్చు మీద సన్నని మైనపు తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. గోండుల దేవతామూర్తులు, గంటలు, అందెలు అలా తయారవుతాయి. డోక్రా అనే ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరీంనగర్‌లో తీగే నగలో నిలిచిపోతుంది. ఉషెగావ్‌లో తీగ కరిగిపోయి దాని గీత మాత్రం ఇత్తడిలో మిగులుతుంది. రెండుచోట్లా విలువంతా గీతలోనే ఉంది. ఇత్తడి చవక కాబట్టి డోక్రా అందెను కొనేవాళ్లు పనితనానికే డబ్బిస్తున్నామని తెలిసి ఇస్తారు. వెండి ఖరీదైనది కావడమే కరీంనగర్ పనివాడికి అడ్డొస్తోంది. లోహం ధర మెరుపులో చేతి ధర కనబడటం లేదు.

ఇప్పుడా అడ్డు మరీ ఎక్కువైంది. 2024 అక్టోబరులో కిలో వెండి లక్ష రూపాయలను తాకింది, 2025 డిసెంబరుకు రెండు లక్షలు దాటింది. సౌర ఫలకాలు, ఎలక్ట్రానిక్ పరికరాల పరిశ్రమలు నగల దుకాణాలతో పోటీపడి వెండిని కొంటున్నాయి. ఉదాహరణకు పది గ్రాముల తీగ బుట్టల జత తీసుకోండి. కిలో లక్ష ఉన్నప్పుడు అందులో లోహం వెయ్యి రూపాయలు, రెండు లక్షలైతే రెండు వేలు. కొనేవాళ్లు నాలుగు వేలకు మించి పెట్టలేమంటే, పనికి మిగిలేది మూడు వేల నుంచి రెండు వేలకు పడిపోతుంది. చేయి అదే, మంట అదే, గంటలు అవే. పైగా వెండిని ముందే సొంత పెట్టుబడితో కొనాల్సింది పనివాడే.

తీగ పనిని నగగా వేసుకునే ఊళ్లూ ఉన్నాయి. పోర్చుగల్‌లో గొండోమార్ పనివాళ్లు అల్లే ఫిలిగ్రీ హృదయాలను వియానా ఊరి పండుగలో ఆడవాళ్లు మెడనిండా వేసుకుంటారు. కొలంబియాలో మోంపోస్ పట్టణం పేరు చెబితే తీగ చెవిపోగులే గుర్తొస్తాయి. ఆ ఊళ్లలో ఈ కళ అల్మారాలో కాక ఒంటిమీద బతుకుతోంది. ఒడిశాలోని కటక్‌లో తారకాసీ అనే వెండి తీగ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కరీంనగర్‌కు అది ఎన్నో ఏళ్ల ముందే దక్కింది. గుర్తింపు ఉంది, నైపుణ్యం ఉంది. తెలంగాణ పెళ్లిళ్లలో వెండికి చోటూ ఉంది: మట్టెలు, పట్టగొలుసులు, కుంకుమ భరిణెలు. వాటిలో తీగ పని వాటా పెరగాలి.

వెండి నగలకు 2025 సెప్టెంబరు నుంచి ఐచ్ఛికంగా హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. స్వచ్ఛత ఎంతో అది చెబుతుంది. ఎన్ని గంటలు అల్లారో చెప్పే గీత కూడా బిల్లులో ఉండాలి: వెండి ఇంత, దాని ధర ఇంత, పని ఇన్ని గంటలు, కూలి ఇంత. ప్రభుత్వ హస్తకళల దుకాణం గోల్కొండ ఈ పద్ధతి మొదలుపెడితే మిగతా దుకాణాలకూ దారి పడుతుంది. మార్కెట్‌లో వెండి ఎంత ఎగిరినా, పడినా ఆ కూలి గీత కదలకూడదు. ఈ విద్య నేర్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న కరీంనగర్ కుర్రవాడు ముందుగా చూసేది ఆ అంకెనే.