హెల్త్ ఫాసెట్టా, సీటు కింది నాజిలా?

కడగడం వరకే చూస్తే గోడకు తగిలించే హెల్త్ ఫాసెట్‌కు సాటి లేదు. చేతిలో ఉంటుంది, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, మీట ఎంత నొక్కితే అంత ధార. పసివాడిని కడిగేదీ, కమోడ్ కడిగేదీ దాంతోనే. సీటు కింద బిగించే నాజిల్ అలా కాదు. ఉన్నచోటనే ఉండి చిమ్ముతుంది, కూర్చున్నవాళ్లే సర్దుకోవాలి. మా ఆరేళ్ల పిల్ల కాస్త ముందుకు జరిగి కూర్చుంటే ధార నడుముకు తగులుతుంది.

ఒక్కరే వాడే బాత్రూం అయితే ఇక ఆలోచించక్కర్లేదు. మా ఇంట్లో ఆరుగురం వాడతాం. అందుకే నేను చూసేది మరొకటి: ఒకరు బయటికి వచ్చాక, తర్వాత వెళ్లేవాళ్లకు లోపల ఏం మిగిలింది? హెల్త్ ఫాసెట్ అయితే అందరి తడిచేతులూ పట్టిన మీట, సీటు మీద చినుకులు, చిత్తడి గచ్చు. మోకాళ్లు అరిగిన మా అత్తగారు తెల్లవారుజామున ఆ తడిలోనే కాలు పెట్టాలి. పైగా ఆవిడకు భుజం పట్టేసి చెయ్యి వెనక్కి పోదు. నాజిల్‌కు పక్కనున్న నాబ్ తిప్పితే చాలు. నేల పొడిగా ఉంటుంది. ఇంకొకరి సాయం అడగక్కర్లేకపోవడం ఆవిడకు ఎంత పెద్ద సంగతో పక్కనుండి చూశాను.

నేల వాలుగా ఉండి, నీళ్లు పోయే జాలీ ఉన్న మన బాత్రూంలకు హెల్త్ ఫాసెట్ నప్పింది. జపాన్‌లో నేల పొడిగా ఉండే టాయిలెట్ గదికి తగ్గట్టు టోటో కంపెనీ 1980లో వాష్‌లెట్ అనే కరెంటు సీటు తెచ్చింది. ఇటలీలో ఇంటికో బిడే ఉండాలని 1975లో ప్రభుత్వ ఉత్తర్వే వచ్చింది. అయితే అది కమోడ్ పక్కన విడిగా ఉండే తొట్టి, మన ఇరుకు గదుల్లో దానికి చోటేదీ? అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ల ఇబ్బంది వేరు. కమోడ్ ట్యాంకు గొట్టానికి టీ-జాయింట్ బిగించి హెల్త్ ఫాసెట్ పెట్టుకుంటారు. వాడాక వాల్వు కట్టేయకపోతే గొట్టంలో ఒత్తిడి అలాగే నిలిచి ఉంటుంది. అది పగిలిందా, జాలీ లేని నేల మీది నీళ్లు కింది ఇంటి సీలింగ్‌లోకి దిగుతాయి. నలుగురు వాడేచోట ఎవరో ఒకరు మరిచిపోతారు.

కరెంటు సీటు వేడినీళ్లు ఇస్తుంది, నిజమే. కానీ కరెంటు పోతే చాలా సీట్లు కడగవు. నీటి ఒత్తిడి సంగతీ చూసుకోవాలి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ వస్తుంది. ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటే పై అంతస్తుకు వచ్చేది అందులో మూడో వంతు కన్నా తక్కువ. మేం కరెంటు లేని రెండు నాజిళ్లది తీసుకున్నాం. ముందువైపు కడగడానికి వేరే నాజిల్ ఉండటం ఆడవాళ్లకు అవసరం. పాత హెల్త్ ఫాసెట్ తీసేయలేదు, పిల్లలకూ కమోడ్‌కూ ఉంచాం.

మాది బోరు నీళ్లు. నాజిల్ కన్నాల్లో సున్నం పేరుకుంటుంది. అందుకే కొనకముందే వంతు తేల్చుకున్నాం: ఆదివారం పొద్దున మా మరిది, పాత టూత్‌బ్రష్, కాస్త వెనిగర్.