చీమ ఎత్తు నుంచి చూస్తే

మార్వెల్ సినిమాల వరస నాకు తెలియదు. ఎవరి తర్వాత ఎవరొచ్చారని అడిగితే తెల్లమొహం వేస్తాను. అందుకే ఏకంగా 12వ సినిమాతో మొదలుపెట్టాను: 2015లో వచ్చిన ‘యాంట్‌మ్యాన్’. మధ్యలో రెక్కలున్న వీరుడొకడు దిగి హీరోతో తలపడి వెళ్లాడు. అతనెవరో తెలియకపోయినా కథ ఎక్కడా తట్టుకోలేదు. అయినా మార్వెల్‌కి కొత్తవాణ్నే గానీ బుల్లి హీరోకి కొత్తవాణ్ని కాను. అంతకు మూడేళ్ల ముందే రాజమౌళి మనకు ‘ఈగ’ చూపించేశాడు కదా.

కథ తేలిక. జైలు నుంచి బయటికొచ్చిన స్కాట్ లాంగ్ (పాల్ రడ్) కూతుర్ని చూసుకోవాలంటే ఉద్యోగం ఉండాలి. దొరికిన ఐస్‌క్రీమ్ కొట్టు కొలువూ పాత నేరం బయటపడి ఊడుతుంది. మళ్లీ దొంగతనానికే దిగి, హాంక్ పిమ్ (మైకేల్ డగ్లస్) అనే శాస్త్రవేత్త ఇంట్లో పెద్ద ఇనప్పెట్టె తెరిస్తే, అందులో ఓ పాత సూటు. అది తొడుక్కుని మీట నొక్కితే మనిషి చీమంతవుతాడు.

మొదటిసారి మీట నొక్కేది స్నానాల తొట్టిలో. అంతవరకూ మామూలు తొట్టి, ఒక్క క్షణంలో అంతులేని తెల్లటి మైదానం. స్నేహితుడు కుళాయి తిప్పగానే వరద. నేల సందులోంచి కింది అంతస్తులో డాన్సు చేస్తున్నవాళ్ల కాళ్ల మధ్య పడతాడు, తిరుగుతున్న గ్రామఫోన్ రికార్డు ఎక్కుతాడు, దుమ్ము లాగే యంత్రంలోకి పోతాడు. ఒక్కటీ వింత వస్తువు కాదు, అన్నీ ఇంట్లో ఉండేవే. చాలా చోట్ల నిజమైన వస్తువులనీ చిన్న సెట్లనీ మాక్రో లెన్సులతో తీశారు. నేల గీతలూ దుమ్మూ నమ్మకంగా కనబడేది అందుకే.

అసలు పనితనం చివరి పోరాటంలో ఉంది. చోటు పాప పడకగది, రంగస్థలం బొమ్మరైలు పట్టాలు. చీమ ఎత్తు నుంచి చూస్తే, థామస్ అనే ఆ రైలు ఉరుముతూ విలన్ మీదికి దూసుకొస్తుంది. సంగీతం, వేగం అన్నీ భారీ సినిమా స్థాయిలో ఉంటాయి. ఢీకొట్టే క్షణాన దర్శకుడు పేటన్ రీడ్ కెమెరాని మన ఎత్తుకు లేపుతాడు. సంగీతం ఠక్కున ఆగుతుంది. చిన్న ప్లాస్టిక్ బొమ్మ పట్టా తప్పి పక్కకి ఒరుగుతుంది, అంతే. నవ్వంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది. అదే నవ్వును మళ్లీ వాడకుండా, కాసేపటికి అదే రైలుని ఇంటంత పెంచి గోడ బద్దలుకొట్టించి పోలీసు కారు మీద పడేస్తాడు. అప్పటికీ దాని కళ్లు అమాయకంగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి. ‘ఈగ’ కొలత మారదు, ఆ కథ బలం దాని నిస్సహాయతలో ఉంది. ఇక్కడ హాస్యమంతా కొలత మార్చడంలోనే.

స్కాట్ స్నేహితుడు లూయిస్ (మైకేల్ పేన్యా) చెప్పే కబుర్లు మరో ముచ్చట. ఎవరెవరో ఎవరికో చెప్పిన సంగతుల్ని అతను ఊపిరాడకుండా చెబుతుంటే, తెర మీద ఆ మనుషులందరి నోళ్లూ కదులుతాయి, గొంతు మాత్రం లూయిస్‌దే. పెదాల కదలికలు అతని తొట్రుపాటుకీ నవ్వుకీ కూడా సరిపోయేలా కుదిర్చారు. ఎడిటింగ్ ఇంత బాహాటంగా నవ్వించడం అరుదు.

లోపాలు లేవా? ఉన్నాయి. చిన్నగా అయినా బరువు తగ్గదు కాబట్టే దెబ్బకు అంత జోరని చెబుతారు. హాంక్ మాత్రం నిజమైన యుద్ధ ట్యాంకునే కుదించి తాళాల గుత్తికి తగిలించుకు తిరుగుతుంటాడు! ఇది నవ్వి వదిలేయొచ్చు. వదల్లేనిది హాంక్ కూతురు హోప్ (ఇవాంజెలిన్ లిల్లీ) సంగతి. కొట్టడమెలాగో, చీమలతో మాట్లాడడమెలాగో స్కాట్‌కి నేర్పేది ఆమె. సూటు తొడుక్కుని తనే వెళ్తానంటే తండ్రి ఒప్పుకోడు. కారణం చెప్పారు, అది కంటతడి పెట్టించేదే, కానీ సినిమా పొడుగునా ఆమెను కూర్చోబెట్టడానికి చాలదు. చివర్లో ఒక సూటు చూపించి సర్దిచెప్పారు. పేరులో ఆమె పాత్రకి చోటు దొరకడానికి 2018లో రెండో భాగం రావాల్సి వచ్చింది.