కంకి పట్టుకునే చెయ్యి

తెలంగాణ తల్లికి కిరీటం ఉండాలా వద్దా అన్న వాదన మా మెండోర చాయ్ హోటళ్లలోనూ జోరుగానే సాగింది. బి.వి.ఆర్. చారి రూపమిచ్చిన పాత తల్లికి కిరీటముంది, ఒక చేత మక్కకంకులు, మరో చేత బతుకమ్మ. 2024 డిసెంబర్ 9న సచివాలయంలో ఆవిష్కరించిన తల్లికి కిరీటమూ బతుకమ్మా లేవు. ఆకుపచ్చ చీర, ఎడమచేత వరి, జొన్న, సజ్జ, మక్క, కుడిచెయ్యి అభయముద్ర. రూపకల్పన ప్రొఫెసర్ గంగాధర్‌ది, శిల్పి రమణారెడ్డి. ఎవరి తల్లి అసలు తల్లి అన్న పంచాయితీ పార్టీలకే వదిలేస్తా. నా చూపంతా కంకులు పట్టిన ఆ చేతిమీదే.

చేతికి ఏమివ్వాలో కమిటీ చెప్పగలదు. దాన్నెలా పట్టుకోవాలో మాత్రం పెన్సిలే తేల్చాలి.

ముందు కాగితం మీద నిలువుగా ఒక గీత పడుతుంది. మన శిల్పులు దాన్ని బ్రహ్మసూత్రమంటారు. ఒళ్లు ఆ గీతకు అటూ ఇటూ సమంగా ఉంటే సమభంగం, గుళ్లో దేవత నిలబడినట్టే. బరువు ఒక కాలిమీదికి జరిపారా, ఆ పక్క నడుము పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది, గట్టుమీద నిలబడ్డ ఆడమనిషి అవుతుంది. దేవతా, మనిషా అన్నది సగం అక్కడే తేలిపోతుంది. కిరీటం గొడవ తర్వాతిది.

ఇక కంకి. పోచంపాడు నీళ్లు పారే మా దిక్కు మక్క విరిచేవాళ్లను చూడండి. వేళ్ల కొసలతో పట్టరు. గుప్పిట బిగించి ఒక్క మెలితో కిందికి వంచుతారు. అలాంటి పిడికిట్లో నాలుగు పంటలు పెట్టాలంటే మాటలా? సజ్జకంకి నిటారుగా ఉంటుంది, వరివెన్ను గింజబరువుకు వాలిపోతుంది. ఏది ముందు, ఏది వెనక, ఏది ఎటు వాలాలి అన్నది చిత్తుబొమ్మలో తేలకపోతే చివరికి చేతిలో మిగిలేది పూలగుత్తి. చాలా కూడళ్లలో తల్లులు పట్టుకున్నది అదే.

ఢిల్లీ రిజర్వ్ బ్యాంకు ముందు పంటకు యక్షిని, పరిశ్రమకు యక్షుణ్ణి నిలబెట్టిన శిల్పి రాంకింకర్ బైజ్, పర్‌ఖమ్ యక్షుడి వంటి పాత రాతిబొమ్మల దగ్గర మొదలుపెట్టి చిత్తుబొమ్మలు, చిన్న నమూనాలు ఎన్నో చేశాడు. బ్యాంకు ముందరి యక్షుడి చేతిలో యంత్రాల పళ్లచక్రం ఉంటుంది. పాత ఒంటికి కొత్త వస్తువు అతకాలంటే ఆ మాత్రం తిప్పలు తప్పవు.

ఇప్పుడు ఊళ్లలో ఫోన్‌లో ఫొటో చూపించి విగ్రహానికి ఆర్డరిస్తున్నారు. ఫొటోలో ముందువైపే కదా ఉండేది! కొంగు ఎటు తిరిగిందో, కొప్పు ఎంత ఉందో పాపం శిల్పి ఊహించుకోవాల్సిందే. బయానా ఇచ్చేముందు నాలుగు దిక్కుల నుంచీ గీసిన నాలుగు కాగితాలు చూపమని అడగండి. ఆ గీతలకూ ఇంత కూలి కట్టివ్వండి.