రాతి మీద పేరుంది, దారిలో లేదు

బెజవాడ చరిత్ర చూపించమని ఎవరైనా అడిగితే మనం తిప్పే దారి దాదాపు ఒకటే. విక్టోరియా జూబిలీ మ్యూజియంగా ఉండి ఇప్పుడు బాపు మ్యూజియం అయిన భవనం, గాంధీకొండ, ఇంద్రకీలాద్రి దగ్గర అక్కన్న మాదన్న గుహలు, మొగల్రాజపురం గుహలు, ప్రకాశం బ్యారేజీ దాటాక ఉండవల్లి. ఓపికున్నవాళ్లు అమరావతి దాకా వెళ్తారు. సాహిత్య విద్యార్థిని కావడం వల్ల నాకు ఈ దారి కూడా ఒక పాఠంలాగే కనిపిస్తుంది. పాఠాన్ని చదివినట్టే దీన్నీ చదవాలి. ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అని అడగాలి.

ముందు పేర్లు చూద్దాం. మ్యూజియం భవనానికి 1887లో పునాది వేసింది విక్టోరియా సింహాసనం ఎక్కి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా. ఈ దారి మొత్తంలో ఒక్క స్త్రీ పేరు ఉందంటే అది సామ్రాజ్యాన్ని ఏలిన రాణిది. ఆ పేరు కూడా ఇప్పుడు లేదు. అక్కన్న, మాదన్నలు పదిహేడో శతాబ్దపు గోల్కొండ మంత్రులు. ఆ గుహలు వాళ్లకంటే కొన్ని వందల ఏళ్లు ముందువి. తొలిపించినవాళ్లు కాకపోయినా పేరు మాత్రం వాళ్లకే దక్కింది. అధికారంలో ఉన్న మగవాడి పేరు వారసత్వానికి ఎంత సులువుగా అతుక్కుంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

మరి ఈ దారిలో స్త్రీలు లేరా? కావలసినంత మంది ఉన్నారు, కానీ శిల్పాలుగా ఉన్నారు. యక్షిణులు, చామరధారిణులు, మాయాదేవి. వీళ్ల గురించి మాట్లాడేటప్పుడు మన కళావిమర్శ భాష ఒక్కసారిగా మెత్తబడుతుంది. నడుము వంపు, వయ్యారం, నగలు, కొప్పు. శివరామమూర్తి 1942లో ప్రచురించిన అమరావతి శిల్పాల గ్రంథం ఈ విషయంలో ఆలోచింపజేస్తుంది. ఆ గ్రంథంలో స్త్రీల ఆభరణాలు, కేశాలంకరణల వివరాలతో పాటు శాసనాలు కూడా ఉన్నాయి. ఆ రెండింటిలో మనం నగల్నే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాం.

శాసనాలు చదివితే కథ మారిపోతుంది. అమరావతి స్తూపానికి రాళ్లు దానం చేసినవారిలో భిక్షుణులు, గృహిణులు, కూతుళ్లు, తల్లులు చాలామంది కనిపిస్తారు. అంటే ఇక్కడి స్త్రీలు చెక్కించుకున్న బొమ్మలు మాత్రమే కారు, చెక్కించినవాళ్లు కూడా. ఈ సంగతి బెజవాడ నుంచి వెళ్లే మామూలు సందర్శకురాలికి తెలియకపోవడానికి కారణాలున్నాయి. 1797లో కాలిన్ మెకంజీ ఆ దిబ్బ దగ్గరికి వచ్చాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరి, 1859లో చాలావరకు లండన్‌కు ఓడెక్కాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికిన వాటిలో ఎన్నో మద్రాసు మ్యూజియంలో మిగిలాయి. ఉన్న కొద్దిపాటి రాళ్ల మీది ప్రాకృతం, బ్రాహ్మీ లిపి చదవగలిగేవాళ్లు ఎందరు? తెలుగు చేసి పక్కన పెడితే తప్ప అక్షరం కూడా అలంకారంగానే మిగిలిపోతుంది.

నది వెంట ఇంకా పైకి వెళ్తే నాగార్జునకొండ. మూడో శతాబ్దపు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అతని సోదరి చాంతిసిరి మాత్రం బౌద్ధ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. రాజుగారి మతం ఒకటైతే ఇంటి ఆడవాళ్ల దానం మరో వైపు నడిచింది. దీన్ని ‘రాజుల పరమత సహనం’ అని చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. ఆ స్త్రీల నిర్ణయాన్ని నిర్ణయంగా చూడటం ఎందుకంత కష్టం?

అక్కడే బోధిసిరి శాసనం ఉంది. ఆమె రాణి కాదు, గృహపతి కుటుంబానికి చెందిన ఉపాసిక. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడి కాలంలో వేయించిన ఆ శాసనంలో తను చేసిన దానాలను ఊరూరా వరసగా చెబుతుంది. చుళధమ్మగిరిలో తామ్రపర్ణి భిక్షువుల కోసం చైత్యగృహం, సింహళ విహారంలో బోధివృక్ష ప్రాసాదం, పువసేలలో చెరువు, కంటకసోలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం. కంటకసోల అంటే కృష్ణా డెల్టాలోని మన ఘంటసాలే. ఆ పేరు వినగానే మనకు పాట గుర్తొస్తుంది. బోధిసిరి గుర్తురాదు. కొండ నుంచి సముద్రం దాకా ఒక స్త్రీ స్వయంగా గీసిన పటం అది. వారసత్వ నడకకు అంతకంటే మంచి దారి ఎక్కడ దొరుకుతుంది?

అయితే ఇక్కడ సంబరపడి ఆగిపోతే మనం కూడా రాణుల చరిత్రే రాసినవాళ్లం అవుతాం. దానం చేయాలంటే చేతిలో ధనం ఉండాలి. బోధిసిరి కూడా భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువుల సమేతంగానే మాట్లాడుతుంది. ఆ చెరువు తవ్విన, మండపానికి రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు శాసనంలో లేవు. అమరావతిలో విధికుడనే చమ్మకారుడు ఇచ్చిన పూర్ణఘట ఫలకం ఉంది. తోలుపని చేసే కుటుంబం తన పేరు రాతి మీదికి ఎక్కించుకోగలిగిందని తెలిసి గర్వపడతాం, గర్వపడాలి కూడా. కానీ శాసనం మళ్లీ చదవండి. విధికుడికి పేరుంది, అతని తండ్రి నాగుడికీ పేరుంది. తల్లి ‘తల్లి’, భార్య ‘భార్య’, కూతుళ్లు ‘కూతుళ్లు’ మాత్రమే. కుల చరిత్రను స్త్రీ ప్రశ్నతో, స్త్రీ చరిత్రను కుల ప్రశ్నతో కలిపి చదవకపోతే ఏది తప్పిపోతుందో ఈ ఒక్క రాయి చూపిస్తుంది.

ఈ పని కొత్తదేం కాదు. పెనుగంచిప్రోలులో పుట్టిన భండారు అచ్చమాంబ వందేళ్ల కిందటే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’తో స్త్రీల చరిత్రకు పూనుకుంది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపనలో ముందు నిలిచింది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావును చరిత్రకారుడంటాం. ఆమెను తొలి కథారచయిత్రి అని మాత్రం అని సరిపెట్టుకుంటాం. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీల మాటను చరిత్రగా నిలబెట్టింది. బతికున్న స్త్రీలను అడిగిన ఆ పద్ధతినే రాళ్లకూ వర్తింపజేయాలి: ఎవరు ఇచ్చారు, ఎవరు మోశారు, ఎవరి పేరు రాయలేదు?

అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. శిల్పం కింద రాజవంశం, శతాబ్దం రాసే చోట దాత పేరు కూడా తెలుగులో రాయాలి. శాసనం ఉన్న రాయి దగ్గర దాని అర్థం పెట్టాలి. పేరు లేని చోట ‘పేరు రాయలేదు’ అనే మాటైనా ఉండాలి. నడక బాపు మ్యూజియంతో మొదలైనా ఘంటసాల దాకా, మచిలీపట్నం దాకా సాగాలి. మన కాలేజీల్లోని తెలుగు, చరిత్ర శాఖలు కలిసి కూర్చుంటే చేయగలిగిన పనే ఇది.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్రలో అమరావతి పూర్ణఘటం ఉంది. ప్రతి ఉత్తర్వు మీదా ఆ నిండుకుండ కనిపిస్తుంది. దాన్ని ఇచ్చినవాళ్లలో పేరు లేని ఒక తల్లి, ఒక భార్య, కొందరు కూతుళ్లు కూడా ఉన్నారు. ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకునే ఆడపిల్లకు ఈ సంగతి తెలియడమే నా దృష్టిలో వారసత్వం.